నెల్లూరు గ్లాసులో కాఫీ ఎంత?

అరకు కాఫీ మ్యూజియం మెట్లు దిగుతూ మా బాబాయి అడిగాడు: “అంతా బాగుంది అమ్మాయ్. ఇంతకీ మన గ్లాసులో ఉండేదాంట్లో కాఫీ ఎంత?”

నవ్వులాటకు అడిగిన మాట కాదది. ఆయన ముప్పై ఏళ్లు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో కాఫీపొడి కొట్టు నడిపిన మనిషి. గింజలు వేయించే డ్రమ్ము, పొడి ఆడించే మర, పక్కపక్కనే రెండు పెద్ద డబ్బాలు. ఒకదాంట్లో కాఫీ, రెండోదాంట్లో కాఫీలో కలిపే చికోరీ అనే వేరు పొడి. వచ్చినవాళ్లు చికోరీ నూటికి “ఇరవై కలపండి” అనో, “మాకు ముప్పై” అనో చెప్పేవారు. ఇరవై ఎందుకు, ముప్పై ఎందుకు అని అడిగినవాళ్లు లేరు. చెప్పాలని ఆయనకూ తోచలేదు. కొట్టు మూసేశాక ఇన్నాళ్లకు, ఇంటికి ఏడువందల కిలోమీటర్ల దూరంలో, ఆ ప్రశ్న ఆయనకే వచ్చింది.

నెల్లూరు వాళ్లకు అరకు అంటే చిన్న ప్రయాణం కాదు. రాత్రి రైలెక్కి తెల్లవారి విశాఖలో దిగి, అక్కడ కిరండూల్ పాసింజరు పట్టుకోవాలి. ఆ మార్గం మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. పిన్ని లెక్కపెడతానని మొదలుపెట్టి ఎక్కడో తప్పిపోయింది. మ్యూజియం పెద్దదేమీ కాదు, తీరిగ్గా చూసినా గంట చాలు. బొమ్మలతో, పటాలతో కాఫీ కథ చెబుతారు. ఆ తరువాత రకరకాల కాఫీలు రుచి చూడవచ్చు, పొడి, చాక్లెట్లు కొనుక్కోవచ్చు. ఏ దేశంలోనైనా కాఫీ మ్యూజియాలు చెప్పేది ఇంచుమించు ఒకటే కథ: గింజ ఎక్కడ పుట్టింది, ఎలా ఊళ్లు తిరిగింది అని. ఆ కథ నిజమే. కానీ అందులోంచి నేరుగా మన ఇత్తడి ఫిల్టరు దగ్గరికి దారి లేదు. మధ్యలో పన్నులు, యుద్ధాలు, ఒక తెగులు, గేదె పాలు అడ్డం వస్తాయి. ఆ చిక్కు విప్పే ప్రయత్నమే ఇది.

ముందు మేకల సంగతి. ఇథియోపియాలో కల్దీ అనే కాపరి మేకలు ఎర్రటి పళ్లేవో తిని గంతులేశాయనీ, అలా కాఫీ గుణం బయటపడిందనీ చెబుతారు. ఇది తొమ్మిదో శతాబ్దం నాటి సంగతి అంటారు కానీ అచ్చులో మొదట కనిపించింది 1671లో, రోమ్‌లో. మధ్యలో ఎనిమిది వందల ఏళ్లు ఆ మేకలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. “మన ఉదయగిరి మేకలు ముళ్లకంప తిని కూడా గంతులేస్తాయి” అన్నాడు బాబాయి. గట్టి ఆధారాలున్న చరిత్ర పదిహేనో శతాబ్దపు యెమెన్‌లో మొదలవుతుంది. రాత్రిపూట ధ్యానంలో నిద్ర రాకుండా సూఫీలు కాఫీ తాగేవారు. 1511లో మక్కాలో ఒక అధికారి దాన్ని నిషేధించాడు, ఆ నిషేధం ఎంతో కాలం నిలవలేదు. అరబ్బీ కహ్వా తుర్కీలో కహ్వె అయి, డచ్చి, ఇంగ్లీషుల మీదుగా మన నోటికి కాఫీగా వచ్చింది.

మన దేశానికి ఎలా వచ్చిందంటే అందరూ చెప్పేది బాబా బూదన్ పేరే. పదిహేడో శతాబ్దంలో హజ్ యాత్రకు వెళ్లిన ఆయన యెమెన్ నుంచి ఏడు గింజలు రహస్యంగా తెచ్చి చంద్రగిరి కొండల్లో నాటాడని ప్రతీతి. చంద్రగిరి అనగానే మనవాళ్లకు తిరుపతి పక్కన కోట గుర్తుకొస్తుంది. పిన్నికీ అదే గుర్తొచ్చింది. ఇది ఆ చంద్రగిరి కాదు, కర్ణాటకలో చిక్కమగళూరు దగ్గర ఉన్నది. ఇప్పుడు ఆ కొండలను ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

ఏడు గింజల కథ ఎంత నిజమో గాని, ఆ తరువాతి అధ్యాయానికి మాత్రం తేదీలున్నాయి. 1696లో డచ్చివాళ్లు మలబారు తీరం నుంచి కాఫీ మొక్కలను జావాకు పట్టుకెళ్లారు. అవి దక్కకపోతే 1699లో మళ్లీ పట్టుకెళ్లారు. 1706లో జావా నుంచి ఒక మొక్క ఆమ్‌స్టర్‌డామ్ ఉద్యానానికి చేరింది. దాని సంతతి మొక్క 1714లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి కానుకగా వెళ్లింది. ఆ రాజుగారి తోట నుంచి 1723 ప్రాంతంలో కరీబియన్‌లోని మార్టినిక్ దీవికి కాఫీ సముద్రం దాటింది. లాటిన్ అమెరికా తోటల్లో చాలావాటి వంశవృక్షం వెనక్కి పట్టుకుంటూ వస్తే మన పడమటి తీరం తగులుతుంది. బ్రెజిల్ కాఫీని విదేశీ సరుకు అని మురిసిపోయేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే బాగుండును.

ఒకటి రెండు మొక్కల సంతానం లోకమంతా నిండితే ఒక ప్రమాదం ఉంది. ఒకదానికి జబ్బు వస్తే అన్నిటికీ వస్తుంది. 1869లో సిలోన్ కాఫీ తోటల్లో ఆకు తుప్పు తెగులు బయటపడింది. ఆకు అడుగున నారింజ రంగు పొడి రాలుతుంది, ఆకు రాలిపోతుంది, చెట్టు చచ్చిపోతుంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి సిలోన్ దాదాపుగా కాఫీ మానేసి తేయాకు వేసుకుంది. దక్షిణ భారతం కూడా దెబ్బతింది కానీ పూర్తిగా మునగలేదు. తెగులును తట్టుకునే రకాల వేట అప్పుడే మొదలైంది. ఆ వేటలోనే రోబస్టా అనే మరో కాఫీ జాతి మన తోటల్లోకి వచ్చింది. అంతకు ముందున్న అరబికా ఎత్తైన, చల్లని కొండల మొక్క, సుకుమారం. రోబస్టా తక్కువ ఎత్తులో, ఉక్కలో కూడా కాస్తుంది. కెఫీన్ అరబికాలో సుమారు 1.2 శాతం ఉంటే రోబస్టాలో 2 శాతం దాటుతుంది. చేదు కూడా ఆ మేరకు ఎక్కువ.

“మాది నూరు శాతం అరబికా” అని పొట్లాల మీద పెద్ద అక్షరాలతో వేసుకుంటారు, రోబస్టా అంటే ఏదో తక్కువ సరుకైనట్టు. నిజానికి అరబికా రెండు అడవి జాతులు సహజంగా కలిసి పుట్టిన మొక్క. ఆ రెండింటిలో ఒకటి రోబస్టా జాతే. బిడ్డకు పట్టుచీర కట్టి సభలో కూర్చోబెట్టి, తండ్రిని వాకిట్లో ఉండమన్నట్టుంది ఈ వ్యవహారం. ఈ రోజు దేశంలో పండే సుమారు మూడున్నర లక్షల టన్నుల కాఫీలో దాదాపు 70 శాతం రోబస్టాయే. పాలు పోసుకుని తాగే ఇళ్లకు అదేమీ కొరత కాదు. పాలను దాటుకుని నాలుకకు తగలాలంటే కొంత మొరటుదనం ఉండాలి.

కొట్టు బోర్డు మీది పేర్లు

బాబాయి కొట్టులో గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ప్లాంటేషన్ ఎ, పీబెర్రీ, చెర్రీ అని రాసి ఎదురుగా ధరలు వేసేవాడు. కొనేవాళ్లలో సగం మంది ఇవి మూడు జాతుల కాఫీలు అనుకునేవారు. కావు. ఆ పేర్లు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. గందరగోళమంతా అక్కడే.

కాఫీ పండు పైకి రేగుపండులా ఎర్రగా ఉంటుంది. గుజ్జు తీసేసి, జిగురు కడిగి, గింజను ఆరబెట్టడం ఒక పద్ధతి. పండును పండుగానే ఎండబెట్టి తరువాత దంచడం ఇంకొకటి. కడిగిన అరబికాకు మన దేశపు వ్యాపారంలో పేరు ‘ప్లాంటేషన్’. గుజ్జు తీసే యంత్రాలు, నీటి తొట్లు పెద్ద ఎస్టేట్ల దగ్గరే ఉండేవి కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. పండుతో ఎండబెట్టినది ‘చెర్రీ’. అది అరబికా కావచ్చు, రోబస్టా కావచ్చు. ఇక ‘ఎ’ అన్నది గింజ పరిమాణం. 6.65 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడ మీద నిలిచేది ఎ, 7.1 మిల్లీమీటర్ల దాని మీద కూడా నిలిస్తే ఎఎ. రుచికి మార్కులు వేసి పెట్టిన అక్షరాలు కావవి.

పీబెర్రీ సంగతి మరీ విచిత్రం. మామూలుగా ఒక పండులో రెండు గింజలు, చదునైన వైపులు ఎదురెదురుగా ఆనించుకుని పెరుగుతాయి. కొన్ని పళ్లలో ఒకటే ఎదుగుతుంది. ఆనుకోవడానికి జోడీ లేక గుండ్రంగా తయారవుతుంది. ఏ చెట్టుకైనా నూటికి అయిదు నుంచి పది దాకా ఇలాంటివి వస్తాయి. గుండ్రంగా ఉండటం వల్ల డ్రమ్ములో దొర్లుతూ అన్ని వైపులా సమంగా వేగుతుందన్నది నిజం. రుచి అంతా ఒక గింజలోనే చేరుతుందన్నది నమ్మకం. “నమ్మకానికే కిలోకు ఎక్కువ తీసుకున్నాను” అని బాబాయి ఇప్పుడు ఒప్పుకుంటాడు. అప్పుడు చెప్పలేదు!

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. ఆయన వ్యాపారం మొదలుపెట్టిన రోజుల్లో గింజలు తోటవాళ్ల దగ్గర నేరుగా కొనే వీలు లేదు. 1942 నాటి కాఫీ చట్టం ప్రకారం రైతు పండించినదంతా కాఫీ బోర్డుకు అప్పగించాలి, బోర్డు వేలం వేయాలి. యుద్ధకాలంలో ఎగుమతులు ఆగిపోయి తోటలు మునిగిపోకుండా పెట్టిన ఏర్పాటది. యుద్ధం అయిపోయినా యాభై ఏళ్లు సాగింది. 1990 దశకం మధ్యకు గాని పూర్తిగా సడలలేదు.

నెల్లూరుకు ఈ అలవాటు ఎక్కడిది?

తేయాకు కలకత్తా వైపు సరుకు, కాఫీ మద్రాసు, మైసూరు వైపు సరుకు. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. మద్రాసు మాకు 175 కిలోమీటర్లే. కోర్టు పని, చదువు, వైద్యం, పెళ్లి బట్టలు, అన్నిటికీ అటే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోనివే కాబట్టి ఆ గాలి అక్కడికీ వీచింది. రైలు వెంట కాఫీ హోటళ్లు వచ్చాయి. అవి అందరివీ కావు. ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ అని బోర్డు పెట్టి, కులాన్ని బట్టి లోపల ఒకచోట, బయట ఒకచోట కూర్చోబెట్టిన కాలం మద్రాసు రాష్ట్రంలో చాలాకాలం నడిచింది. కాఫీ సంస్కృతి అని గర్వంగా చెప్పుకునేటప్పుడు దీన్ని దాటేసి పోవడం నాకు సరిగా అనిపించదు. పొడవాటి గ్లాసు ఎత్తి పెదవి తగలకుండా పోసుకునే ముచ్చటైన పద్ధతిలో కూడా ఎంగిలి భయం వాటా కొంత ఉంది.

నీలిపూల వేరు

ఇక అసలు ప్రశ్న. చికోరీ ఒక చిన్న మొక్క. నీలం పూలు పూస్తుంది, ముల్లంగిలా వేరు దిగుతుంది. ఆ వేరును ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. కాఫీతో చుట్టరికమేమీ లేదు, కెఫీన్ అసలే లేదు. మన దేశంలో ప్రధానంగా గుజరాత్, ఉత్తరప్రదేశ్ పండిస్తాయి. అంటే కాఫీ పెద్దగా తాగని ప్రాంతాలు పండించి, కాఫీ లేనిదే పొద్దుపొడవని ప్రాంతాలకు పంపుతున్నాయి.

కాఫీలోకి ఎలా వచ్చిందంటే, డబ్బు గొడవ వల్ల. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రష్యా (ఇప్పటి జర్మనీ ప్రాంతం) రాజు రెండో ఫ్రెడరిక్ కాఫీకి దేశం సొమ్ము బయటికి పోతోందని మండిపడ్డాడు. 1777లో జనం బీరు తాగాలని ప్రకటించాడు, తరువాత కాఫీ వేయించడాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం చేసి, దొంగచాటుగా వేయించేవాళ్లను వాసనతో పట్టుకోవడానికి మనుషులను పెట్టాడు. జనం చికోరీ వైపు తిరిగారు. 1806లో నెపోలియన్ బ్రిటన్ సరుకును దిగ్బంధించినప్పుడు ఫ్రాన్సుకూ కాఫీ కరువొచ్చింది, అక్కడా చికోరీయే ఆదుకుంది. యుద్ధం పోయినా నాలుక మీద రుచి పోలేదు. బ్రిటన్‌లో మాత్రం అది కల్తీగా పెరిగింది. 1850 దశకం మొదట్లో హస్సాల్ అనే వైద్యుడు లండన్ దుకాణాల కాఫీపొడిని మైక్రోస్కోపు కింద పెట్టి, ‘స్వచ్ఛమైనది’ అని అమ్ముతున్న వాటిలో చికోరీ ఉందని బయటపెట్టాడు. అంటే ఒకే వేరు ఒకచోట కరువులో ఆసరా, ఒకచోట ఇష్టపడి అలవాటైన రుచి, ఇంకోచోట మోసం. మన దగ్గర మూడూ ఉన్నాయి.

మన ఆహార చట్టం ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో పొట్లం మీద రాయాలి. అందుకే 53–47 అనే వింత అంకెలు కనిపిస్తాయి. అంచు దాటకుండా నిలబడటం అన్నమాట. ఆ రాత చాలాసార్లు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఆ అంకె కూడా అసలు సంగతి చెప్పదు. పొట్లం మీద రాసేది పొడి లెక్క. మనం తాగేది పొడిని కాదు, నీటిలోకి దిగినదాన్ని. వేయించిన కాఫీలో నీటికి లొంగేది సుమారు 30 శాతం, మిగిలింది పిప్పి. చికోరీలో ఇనులిన్ అనే పిండిపదార్థం మెండు. వేయిస్తే అది పాకంలా మారి నీటిలో ఇట్టే కరుగుతుంది. అందువల్ల చికోరీలో 60 నుంచి 70 శాతం దాకా డికాషన్‌లోకి దిగుతుంది. నడిమిగా 65 అనుకుందాం. 70–30 పొడి వంద గ్రాములు తీసుకుంటే కాఫీ నుంచి దిగేది 21 గ్రాములు, చికోరీ నుంచి 19 గ్రాములకు పైన. దాదాపు సగం సగం! 53–47 పొడిలో కాఫీ సుమారు 16, చికోరీ 30కి పైన. గ్లాసులో మూడింట రెండు వంతులు నీలిపూల వేరే. ఉజ్జాయింపు లెక్కే అయినా, బాబాయి అడిగినదానికి జవాబు ఇదీ.

ఆ రాత్రి బస చేసిన గదిలో ఆయన చిన్న ప్రయోగం చేసి చూపించాడు. గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి, నెల్లూరు నుంచి పిన్ని తెచ్చుకున్న పొడి చిటికెడు పైన చల్లాడు. కాఫీ రేణువుల్లో నూనె ఉంటుంది కాబట్టి కాసేపు తేలతాయి. చికోరీ వెంటనే నీరు పీల్చి, గోధుమరంగు గీతలు గీస్తూ కిందికి జారుతుంది. చూస్తుండగానే గ్లాసు అడుగున ఎర్రమన్ను నీళ్లలా రంగు దిగింది. పక్క గ్లాసులో మ్యూజియంలో కొన్న పొడి. అది పైనే నిలిచింది, నీళ్లు తేటగా ఉన్నాయి. పిన్ని రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూసి, “ఇన్నేళ్లూ ఇదా నువ్వు అమ్మింది?” అంది. “అడిగినంతే కలిపాను, అడగని గ్రాము కలపలేదు” అన్నాడు ఆయన కాస్త రోషంగా.

ఆయన మాటలో న్యాయం ఉందని నా అభిప్రాయం. గేదె పాలు చిక్కన. వెన్న బరువు, పాలలోని మాంసకృత్తులు కాఫీ వగరును పట్టేసుకుంటాయి. పలుచటి డికాషన్ అందులో పడితే రంగు తేలిపోతుంది, రుచి మునిగిపోతుంది. చికోరీ రంగు ఇస్తుంది, చిక్కదనం ఇస్తుంది, కాల్చిన బెల్లం లాంటి చేదు తీపి ఇస్తుంది. ఫిల్టరులో తడిసి మెత్తబడి నీటిని నెమ్మదిగా దిగనిస్తుంది. పాలు లేకుండా తాగేవాడికి ఇవేవీ అక్కరలేదు, వాడికి చికోరీ అడ్డమే. పాల కాఫీకి పదో ఇరవయ్యో శాతం కలిపితే తప్పేమీ లేదు. కాఫీ కంటే చాలా చౌకైన వేరును సగం దాకా కలిపి, పొట్లం మీద కాఫీ గింజల బొమ్మ వేసి, ధర మాత్రం కాఫీదే తీసుకోవడం, అది వేరే సంగతి.

అరకు గింజ ఎవరి గ్లాసులోకి?

మర్నాడు అనంతగిరి వైపు తోటలు చూశాం. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. నీడలో పండు నెమ్మదిగా పక్వానికి వస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో కాఫీ మొదట నాటింది ఇక్కడ కాదు, 1898లో మారేడుమిల్లి దగ్గర పాములేరు లోయలో. 1960 తరువాత అటవీ శాఖ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. పోడు కొట్టే కొండలకు చెట్ల నీడ తిరిగి రావాలన్నది ఒక ఉద్దేశం. పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ చేయూతతో ఇప్పుడు పండిస్తున్నది ఎక్కువగా ఎకరం, రెండెకరాల ఆదివాసీ రైతులు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యారిస్‌లో దీని పేరుతో కొట్టు తెరిచారు.

అయినా నెల్లూరు వంటింట్లో అరకు కాఫీ అరుదు. బాబాయి ముప్పై ఏళ్లలో ఒక్క బస్తా కొనలేదు. ఆయనకు చిక్కమగళూరు, కొడగు దళారులు తెలుసు, లారీ అటు నుంచే వచ్చేది. కారణం వాడుకే అని ఆయన అంటాడు. నాకు ఇంకొకటి కూడా తోస్తోంది. అరకు గింజ తన పేరును నల్ల కాఫీ తాగే లోకంలో సంపాదించుకుంది. పండ్ల పులుపు, పూల వాసన అని వాళ్లు మెచ్చుకునే గుణాలు మన పాలలో పడగానే కనిపించకుండా పోతాయి. సరుకు మంచిదే, గ్లాసు వేరు.

నెల్లూరు తిరిగొచ్చాక పిన్ని మొదటి రోజు మ్యూజియంలో కొన్న పొడితో డికాషన్ వేసింది. నీళ్లు పోసిన అయిదు నిమిషాలకే అంతా దిగిపోయింది. తేనె రంగులో, పలుచగా. పాలు కలిపి అమ్మకు ఇస్తే ఒక గుటక తాగి, “పొడి అయిపోయిందా? రెండో డికాషన్ పోశావా?” అంది. బాబాయి ఏమీ మాట్లాడకుండా లేచి, మిగిలిన పొడిని పాత మరలో ఇంకాస్త మెత్తగా ఆడించుకొచ్చాడు. మర్నాడు పాలు తగ్గించి పోశారు. కొంత నయం. మూడో రోజు వంటింట్లోకి వెళ్లేసరికి ఆయన అల్మరా వెనుక నుంచి పాత చికోరీ డబ్బా తీసి, చెంచాతో కొలుస్తూ కనిపించాడు. “పది” అన్నాడు నా వైపు చూడకుండా. “పది దాటనివ్వను.”